హెడింగు అడగాలి, గడి జవాబివ్వాలి

బడిలో మార్కుల రిజిస్టరును ఎక్సెల్‌లోకి ఎక్కిస్తే ఎలా ఉంటుందో ఒకసారి తలచుకోండి. ఎడమ చివర రోల్ నంబరు, పక్కన పేరు. ఆ తర్వాత తెలుగు ఎఫ్‌ఏ1 (ఫార్మేటివ్ పరీక్ష 1), తెలుగు ఎఫ్‌ఏ2, తెలుగు ఎఫ్‌ఏ3, తెలుగు ఎఫ్‌ఏ4, హిందీ ఎఫ్‌ఏ1 అంటూ 6 సబ్జెక్టులకు 4 పరీక్షల చొప్పున 24 కాలమ్‌లు కుడివైపుకు సాగిపోతాయి. తరగతిలో 40 మంది ఉంటే 40 వరుసలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటిస్తే ఏ పిల్లవాడైనా తన వరుస వెతుక్కుని, వేలు పెట్టి చదువుకోగలడు. ఆ పట్టికను మనం ఏదైనా అడగబోయినప్పుడే చిక్కు మొదలవుతుంది. లెక్కల్లో పరీక్ష పరీక్షకూ దిగజారుతూ వచ్చిన పిల్లలెవరు? తరగతి మొత్తం తడబడిన పరీక్ష ఏది? ఒక్కో పిల్లవాడికీ సబ్జెక్టు వారీ సగటు ఎంత? ప్రతి ప్రశ్నకూ 24 కాలమ్‌లలో ఏవి కావాలో మనమే ఏరాలి, ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో ఫార్ములా రాయాలి. సమాచారమంతా కళ్ల ముందే ఉంటుంది, కానీ చేతికి మాత్రం అందదు.

ఎందుకు అందదో తెలియాలంటే హెడింగుల వైపు చూడాలి. కాలమ్ నెత్తిన ఉండే మాట ఒక ప్రశ్నలా ఉండాలి. కింద గళ్లలో ఉండేవి ఆ ప్రశ్నకు జవాబులు కావాలి. 'పేరు' అని హెడింగు పెడితే ఈ పిల్లవాడి పేరేమిటని అడిగినట్టే, కింది గడి ఆ పేరు చెబుతుంది. 'ఊరు' అన్నా అంతే. మరి 'తెలుగు ఎఫ్‌ఏ2' ఏ ప్రశ్న అడుగుతోంది? ఏదీ అడగడం లేదు. అక్కడ రెండు జవాబులు ఒకదానికొకటి అతుక్కుని హెడింగులోకి ఎక్కి కూర్చున్నాయి. ఏ సబ్జెక్టు అంటే తెలుగు, ఏ పరీక్ష అంటే ఎఫ్‌ఏ2. కింద గడిలో ఉన్న 17 మాత్రం 'ఎన్ని మార్కులు' అన్న ప్రశ్నకు జవాబు. విచిత్రమేమిటంటే 'సబ్జెక్టు', 'పరీక్ష', 'మార్కులు' అన్న మూడు మాటలూ ఆ షీటు మొత్తం గాలించినా కనిపించవు. ఫిల్టరు, సార్టు, లెక్కింపు, సగటు ఇవన్నీ గళ్లలో ఉన్నవాటి మీద పనిచేసే పనిముట్లు. జవాబు హెడింగులోకి ఎక్కిందంటే ఆ పనిముట్లకు అందకుండా పోయినట్టే. అలా పైకెక్కిన జవాబులను కిందికి దించి గళ్లలో పెట్టడమే అన్‌పివట్. కింద ఉన్న జవాబులను అవసరమైనప్పుడు పైకి ఎక్కించి హెడింగులు చేయడం పివట్. ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచింది ఒక్కటే: దాచేటప్పుడు దించి దాచండి, చూపేటప్పుడు ఎక్కించి చూపండి, రెండు పనులనూ ఒకే షీటు నెత్తిన పెట్టకండి.

ఇది కంప్యూటర్ మనుషులు కొత్తగా కనిపెట్టిన నియమం అనుకోనక్కర్లేదు. మన షావుకార్ల లెక్కల్లో చిట్టా వేరు, ఆవర్జా వేరు. చిట్టాలో ఏ రోజు ఏ లావాదేవీ జరిగిందో జరిగిన వరుసలో, ఒకదాని కింద ఒకటిగా పడుతుంది. తేదీ, ఎవరి ఖాతా, ఎంత, దేనికి అన్న ప్రశ్నలు పైన, జవాబులు కింద. ఆ చిట్టా నుంచే ఖాతా వారీగా ఎత్తి రాసింది ఆవర్జా. ఆవర్జా చూస్తే ఒక మనిషి బాకీ ఒక్కచోట తెలుస్తుంది, కానీ తేడా వచ్చిందంటే వెనక్కి వెళ్లి చూసేది చిట్టానే. ఇటలీలో లూకా పచియోలి 1494లో అచ్చువేసిన గణిత గ్రంథంలో వెనిస్ వర్తకుల పద్ధతిని వివరించినప్పుడు కూడా చిట్టా వేరు, ఆవర్జా వేరు అన్న ఈ విభజనే ఉంది. 1970లో ఎడ్గర్ కాడ్ డేటాబేసులకు సిద్ధాంతం కట్టినప్పుడు కాలమ్ అంటే ఒక్క రకం విలువలు ఉండే చోటు అన్న భావాన్నే పునాదిగా తీసుకున్నాడు. 2014లో గణాంకవేత్త హాడ్లీ విక్‌హమ్ 'టైడీ డేటా' అన్న వ్యాసంలో చిందరవందర పట్టికల లక్షణాలు వరసపెట్టినప్పుడు, వాటిలో మొదట చెప్పింది హెడింగుల్లో పేర్లకు బదులు విలువలు ఉండడం గురించే. వెనిస్ వర్తకుడు, డేటాబేసు సిద్ధాంతకర్త, ఆ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకున్న గణాంకవేత్త ముగ్గురూ ఒకే చోటికి చేరారంటే, ఆ చోటులో బలం ఉన్నట్టే లెక్క.

అయితే ఇన్నాళ్లూ మనమంతా జవాబులను హెడింగుల్లోకి ఎక్కించి వెడల్పుగానే ఎందుకు నింపుతూ వచ్చాం? దీనికి మన అజాగ్రత్తకన్నా పనిముట్ల చరిత్ర ఎక్కువ కారణం. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తెచ్చిన విసికాల్క్ తొలి ఎలక్ట్రానిక్ స్ప్రెడ్‌షీట్‌గా పేరుపొందింది. హార్వర్డ్ తరగతి గదిలో ప్రొఫెసరు నల్లబల్ల మీద లెక్కల గళ్లు గీసి, ఒక అంకె మారితే మిగతావన్నీ చెరిపి మళ్లీ రాయడం చూసినప్పుడు బ్రిక్లిన్‌కు ఆ ఆలోచన తట్టింది. అంటే స్ప్రెడ్‌షీట్ పుట్టుకే నలుగురికీ చూపించే నల్లబల్ల నుంచి. దాచడం కోసం పుట్టిన వస్తువు కాదది. దాచే రూపాన్నీ చూపే రూపాన్నీ విడదీయాలన్న పట్టుదల లోటస్ కంపెనీలో పీటో సలాస్ పనిలో కనిపిస్తుంది. 1991లో నెక్స్ట్ కంప్యూటర్ల మీద వచ్చిన లోటస్ ఇంప్రూవ్ అన్న స్ప్రెడ్‌షీట్ ఆ పట్టుదల ఫలం. ఆ దారిలోనే 1993లో ఎక్సెల్ 5 పివట్ టేబుల్‌ను మామూలు ఉద్యోగి బల్ల మీదికి తెచ్చింది. కానీ పివట్ టేబుల్ జవాబులను పైకి ఎక్కించే పనిముట్టు. దానికి జవాబులన్నీ గళ్లలోకి దిగిన నిలువు పట్టిక ముందే సిద్ధంగా ఉండాలి. కిందికి దించే పనిని ఒక్క క్లిక్కుతో చేసే పవర్ క్వెరీ 2013లో విడి జోడింపుగా వచ్చి, ఎక్సెల్ 2016లో లోపల కలిసింది. ఎక్కించే నిచ్చెన దొరికిన 20 ఏళ్లకు గానీ దించే నిచ్చెన సామాన్యుడి చేతికి రాలేదు. అలవాటు ముదిరిపోవడానికి ఆ 20 ఏళ్లు చాలు.

ఆ అలవాటు ఎంత నష్టపరుస్తుందో తెలంగాణ జిల్లాల పట్టికను తీసుకుంటే స్పష్టంగా తెలుస్తుంది. 2014లో రాష్ట్రం ఏర్పడినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబరు 11న అవి 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. ఇప్పుడు నెలలు వరుసల్లోనూ జిల్లాలు హెడింగుల్లోనూ ఉన్న వర్షపాతం పట్టికను ఊహించండి. 10 కాలమ్‌ల మీద రాసిన మొత్తం, 10 కాలమ్‌లకు గీసిన చార్టు, 10 కాలమ్‌లను చూసే నివేదిక ఇవన్నీ ఒక్క రోజులో పాతబడ్డాయి. కొత్త 21 కాలమ్‌లను పక్కన చేర్చినా పాత ఫార్ములా హద్దు పదో కాలమ్ దగ్గరే ఆగిపోవచ్చు. ఆగినట్టు ఎక్కడా చెప్పదు కూడా, తప్పు మొత్తాన్ని నింపాదిగా చూపిస్తూ కూర్చుంటుంది. అదే 'నెల', 'జిల్లా', 'వర్షపాతం' అని మూడు ప్రశ్నలతో నిలువుగా ఉన్న పట్టికైతే కొత్త జిల్లా వచ్చినా అడుగున కొన్ని వరుసలు పెరుగుతాయంతే, రూపం చెక్కుచెదరదు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. 2016కు ముందు వరంగల్, తర్వాతి వరంగల్ ఒకే నేల కాదు. నిలువు పట్టిక ఆ తేడాను దానంతటది తీర్చలేదు. కానీ 'ఏ హద్దుల ప్రకారం' అన్న నాలుగో ప్రశ్నను ఒక కాలమ్‌గా చేర్చడానికి అక్కడ చోటుంది. వెడల్పు పట్టికలో ఆ చోటు కూడా లేదు.

నెలలను హెడింగులు చేసినా ఇదే కథ. జిల్లాకో వరుస, జనవరి నుంచి డిసెంబరు దాకా 12 కాలమ్‌లు, ఏడాదికో షీటు. ఇది చాలా ఆఫీసుల్లో కనిపించే రూపం. కానీ మన నీటి లెక్క జనవరిలో మొదలు కాదు. నీటి సంవత్సరం జూన్ 1న మొదలై మరుసటి మే 31తో ముగుస్తుంది. ఖజానా లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా. జూన్ నుంచి మే వరకు కురిసిన వాన కావాలంటే ఒక షీటులో కుడివైపు 7 కాలమ్‌లు, మరో షీటులో ఎడమవైపు 5 కాలమ్‌లు తెచ్చి కలపాలి. ఇది ఒక జిల్లాకు ఒక ఏడాది పని మాత్రమే. నిలువు పట్టికలో అయితే తేదీ ఒక గడిలో ఉంటుంది కాబట్టి, నెల జూన్ లేదా ఆ తర్వాతదైతే ఆ ఏడాది, కాకపోతే అంతకు ముందు ఏడాది అని ఒక చిన్న షరతుతో 'నీటి సంవత్సరం' కాలమ్ తయారవుతుంది. క్యాలెండర్‌ను మీరు హెడింగుల్లో బిగించేస్తే ఇక ప్రతి ప్రశ్ననూ ఆ క్యాలెండర్ భాషలోనే అడగాలి. గళ్లలో ఉంచితే రైతు భాషలోనూ అడగవచ్చు, ఖజానా భాషలోనూ అడగవచ్చు.

ఇక పనిలోకి దిగుదాం. మార్కుల పట్టికలో ఎక్కడైనా క్లిక్ చేసి, డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టేబుల్/రేంజ్' ఎంచుకుంటే పవర్ క్వెరీ కిటికీ తెరుచుకుంటుంది. అక్కడ 24 మార్కుల కాలమ్‌లను ఎంచుకోవాలని చేయి లాగుతుంది. ఆగండి. రోల్ నంబరు, పేరు అన్న రెండింటినీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి 'అన్‌పివట్ అదర్ కాలమ్స్' నొక్కండి. అంటే 'ఈ రెండూ కదలవు, మిగతావి ఎన్ని ఉంటే అన్నీ దిగండి' అని చెప్పినట్టు. 'అన్‌పివట్ ఓన్లీ సెలెక్టెడ్ కాలమ్స్' అన్న ఆదేశం ఇస్తే ఆ 24 పేర్లనూ క్వెరీ తన లోపల రాసిపెట్టుకుంటుంది. రేపు 'తెలుగు ఎస్‌ఏ1' (సమ్మేటివ్ పరీక్ష 1) అన్న కొత్త కాలమ్ వస్తే ఆ పేరు జాబితాలో లేదు కనుక అది దిగదు. అంతటితో ఆగినా బాగుండేది. దిగని ఆ కాలమ్ ప్రతి పిల్లవాడి 24 వరుసల పక్కనా 24 సార్లు పునరావృతమవుతుంది. ఎవరైనా దాన్ని కూడితే మార్కులు 24 రెట్లు వస్తాయి. ఏవి కదలాలో చెప్పడం కన్నా ఏవి కదలకూడదో చెప్పడం మేలు, ఎందుకంటే కదలనివి రేపు కూడా అవే ఉంటాయి.

దించిన తర్వాత 'ఆట్రిబ్యూట్', 'వాల్యూ' అన్న రెండు కాలమ్‌లు కనిపిస్తాయి. ఆట్రిబ్యూట్‌లో 'తెలుగు ఎఫ్‌ఏ2' అని రెండు జవాబులూ ఇంకా అతుక్కునే ఉంటాయి కాబట్టి, మధ్య ఖాళీని ఆనవాలుగా తీసుకుని 'స్ప్లిట్ కాలమ్'తో విడదీయాలి. 'సాంఘిక శాస్త్రం ఎఫ్‌ఏ2' లాంటి పేర్లలో ఖాళీలు రెండుంటాయి గనుక కుడి చివరి ఖాళీ దగ్గర మాత్రమే విడదీయమనాలి. తర్వాత కాలమ్‌లకు 'సబ్జెక్టు', 'పరీక్ష', 'మార్కులు' అని పేర్లు పెట్టండి. ఈ పేర్లు పెట్టే పనిని బద్ధకించకూడదు. ఇంతసేపూ షీటులో లేని ప్రశ్నలు ఇప్పుడే షీటులోకి వచ్చాయి. ఇక రిజిస్టరులో పైన 'తెలుగు' అని నాలుగు గళ్లు కలిపేసి, కింది వరుసలో ఎఫ్‌ఏ1 నుంచి ఎఫ్‌ఏ4 దాకా రాసిన రెండంతస్తుల హెడింగు ఉంటే కాస్త చుట్టుదారి తప్పదు. హెడింగులు లేవని చెప్పి పట్టికను లోపలికి తెచ్చి, ముందు ట్రాన్స్‌పోజ్ చేయండి. అప్పుడు రెండంతస్తులూ రెండు కాలమ్‌లవుతాయి. మొదటిదానిలో 'తెలుగు' ఒక్కసారే ఉండి కింద మూడు ఖాళీలుంటాయి, వాటిని 'ఫిల్ డౌన్' నింపుతుంది. ఆ రెండు కాలమ్‌లను మధ్యలో ఒక నిలువు గీత పెట్టి కలిపి, తిరిగి ట్రాన్స్‌పోజ్ చేసి, మొదటి వరుసను హెడింగుగా ఎక్కించి, అప్పుడు అన్‌పివట్ చేసి, ఆ గీత దగ్గర విడదీయాలి. ఒక్కసారి చేసిపెడితే ఆ మెట్లన్నీ క్వెరీ గుర్తుపెట్టుకుంటుంది.

ఈ దారిలో రెండు గుంతలున్నాయి. మొదటిది 'మొత్తం' కాలమ్. రిజిస్టరు చివర మొత్తం ఉంటే అది కూడా ఒక పరీక్షలా దిగిపోయి, మార్కులన్నీ కూడినప్పుడు సరిగ్గా రెట్టింపు చూపిస్తుంది. అడుగున ఉన్న మొత్తం వరుసదీ అదే వరస. దించే ముందే వాటిని తీసెయ్యాలి. మొత్తం ఎప్పుడు కావాలంటే అప్పుడు పుట్టించుకోవచ్చు, దాచిపెట్టుకోవలసిన సరుకు కాదది. రెండో గుంత ఖాళీ గడి, ఇది మరింత లోతైనది. పవర్ క్వెరీ దించేటప్పుడు ఖాళీ గళ్లను వరుసలుగా రాయదు, నిశ్శబ్దంగా వదిలేస్తుంది. 40 మందికి 24 పరీక్షలంటే 960 వరుసలు రావాలి. 951 వచ్చాయంటే 9 గళ్లు ఖాళీవి. సగటుకు దానివల్ల చేటు లేకపోవచ్చు. కానీ పరీక్షకు రాని పిల్లవాడి ఆనవాలే పోయింది. రాకపోవడం కూడా ఒక వార్త. కాబట్టి దించే ముందు ఆ ఖాళీలను మార్కుల్లో ఎప్పటికీ రాని -1 లాంటి అంకెతో నింపి, దించాక 'హాజరు' అని ఒక కాలమ్ చేర్చి, వచ్చారో రాలేదో అక్కడ నమోదయ్యాక -1ని తిరిగి ఖాళీ చేయండి. సున్నాతో మాత్రం నింపవద్దు. సున్నా వచ్చిన పిల్లవాడు వచ్చి రాశాడు, ఖాళీ ఉన్నవాడు రాలేదు. ఆ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

అన్‌పివట్ రుచి తెలిశాక అన్నింటినీ దించెయ్యాలనిపిస్తుంది. అది కూడా పొరపాటే. ఆరోగ్య పరీక్షల పట్టికలో ఎత్తు, బరువు, రక్త వర్గం అని మూడు కాలమ్‌లుంటే అవి మూడూ నిజమైన ప్రశ్నలు. వాటిని దించితే 142 సెంటీమీటర్లు, 35 కిలోలు, బి పాజిటివ్ ఒకే కాలమ్‌లో కలగలిసి కిచిడీ అవుతుంది. ఆ కాలమ్ సగటుకు ఏ అర్థమూ లేదు. పరీక్షించుకునే తీరు సులువే: ఆ హెడింగుల కింద ఉన్న అంకెలన్నిటికీ కొలమానం ఒక్కటేనా, వాటిని ఒకదానితో ఒకటి పోల్చితే లేదా కూడితే అర్థముంటుందా, రేపు అలాంటి హెడింగు ఇంకొకటి వచ్చి చేరే వీలుందా అని చూడండి. అవునంటే దించండి. మధ్యస్థంగా ఉండేవీ ఉన్నాయి. రక్తపోటులో పై అంకె, కింది అంకె రెండింటికీ కొలమానం ఒక్కటే, కానీ డాక్టరు ఆ రెండింటినీ జంటగా చూస్తాడు గానీ కూడడు. వాటిని పక్కపక్కనే ఉంచడం నాకు సబబనిపిస్తుంది. రెండింటి తీరునూ ఒకే చార్టులో చూపాలనుకునేవారు దించుకున్నా తప్పుపట్టను.

ఇప్పుడు అభ్యంతరాల సంగతి. నిలువు పట్టికను ఎవరు చదవగలరని మొదటి ప్రశ్న వస్తుంది. నిజమే, 960 వరుసల పట్టిక మనిషి కంటికి అడవిలా ఉంటుంది. వెడల్పు పట్టిక పోలికకు ఎంత అనువో నేను కాదనను. అందుకే దాన్ని పారెయ్యమనడం లేదు, దాని చోట దాన్ని పెట్టమంటున్నాను. నిలువు పట్టిక మీద పివట్ టేబుల్ వేస్తే సబ్జెక్టులు పైన కావాలంటే పైన, పరీక్షలు పైన కావాలంటే పైన, క్షణాల్లో మారిపోతాయి. వెడల్పు రిజిస్టరు ఒక్క చూపునే ఇస్తుంది. నింపేవారి ఇబ్బంది మాటేమిటని ఇంకో ప్రశ్న. మార్కులు ఎక్కించే ఉపాధ్యాయుడు ఒక్కో అంకెకూ రోల్ నంబరు, సబ్జెక్టు, పరీక్ష మళ్లీ మళ్లీ రాయాలా? అక్కర్లేదు, రాయించకూడదు కూడా. ఆయన చేతికి అలవాటైన వెడల్పు ఫారంలోనే నింపనివ్వండి. దించే పని క్వెరీది. నింపే ఫారం, దాచే పట్టిక, చూపే నివేదిక మూడూ మూడు వేరు వేరు రూపాల్లో ఉండవచ్చు, మధ్యలో మెట్లు క్వెరీ కడుతుంది.

ట్రాన్స్‌పోజ్ చేస్తే సరిపోదా అని అడిగేవారు చాలామంది. సరిపోదు. ట్రాన్స్‌పోజ్ పట్టికను పక్కకు తిప్పుతుందంతే. 24 హెడింగులు ఎడమవైపుకు వచ్చి, వాటి స్థానంలో 40 మంది పిల్లలు హెడింగుల్లోకి ఎక్కుతారు. జబ్బు పోలేదు, మంచం మారింది. ఫార్ములాలు తెలిసినవారికి ఈ తతంగమంతా ఎందుకన్న వాదనకు మరికాస్త బరువుంది. సమ్‌ప్రోడక్ట్ లాంటి ఫార్ములాలతో వెడల్పు పట్టిక నుంచే చాలా జవాబులు రాబట్టవచ్చు. కానీ ఆ ఫార్ములా రాసినవారు బదిలీ అయిపోయాక, ఫలానా గడి నుంచి ఫలానా గడి దాకా ఎందుకు తీసుకున్నారో చెప్పేవారు ఉండరు. క్వెరీలో ప్రతి మెట్టూ పేరుతో సహా కుడివైపు వరసగా కనిపిస్తుంది, కొత్తగా వచ్చినవారు ఒక్కో మెట్టు నొక్కి అక్కడ ఏం జరిగిందో కళ్లారా చూడవచ్చు. గూగుల్ షీట్స్ వాడేవారికి పరిస్థితి కొంచెం వేరు. అక్కడి క్వెరీ ఫంక్షన్‌లో పివట్ అన్న మాట ఉంది గానీ అన్‌పివట్ లేదు. ఫ్లాటెన్, స్ప్లిట్ ఫంక్షన్లను జతచేసి దించుకోవాలి. దారి వంకరైనా గమ్యం అదే.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం పొడవు గురించి. 2020లో ఇంగ్లండ్‌లో జరిగింది ఎదురు సాక్ష్యంగా చూపవచ్చు. ఆ ఏడాది సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయాయి. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ వాడిన పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. ఒక్కో పరీక్ష ఫలితం అనేక వరుసలు తీసుకోవడంతో ఫైలు త్వరగా నిండింది, ఆపై వచ్చినవి జారిపోయాయి. ఆ మనుషులను కలిసినవారిని హెచ్చరించడం కూడా ఆలస్యమైంది. దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. పొడుగు పట్టిక నిజంగానే చోటు తింటుంది. కానీ అక్కడ దెబ్బతీసింది రెండు: దశాబ్దాల పాత ఫైలు రకం, లోపలికి వెళ్లినవి ఎన్ని బయటికి వచ్చినవి ఎన్ని అని సరిచూడకపోవడం. ఇప్పటి ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు పడతాయి. అంతకు మించితే షీటు మీదికి దించకుండా డేటా మోడల్‌లోకి పంపే వీలుంది. అంతకన్నా ముఖ్యం, ఆ సరిచూపు. దించడానికి ముందు వరుసలను కాలమ్‌లతో గుణించి ఒక కాగితం మీద రాసుకోండి, అంకెలన్నిటి కూడికా రాసుకోండి. దించాక రెండూ పోల్చండి. అర నిమిషం పని. ఏ పట్టికనైనా తిరగవేసేటప్పుడు దీన్ని మానెయ్యడానికి నాకు ఏ సాకూ చాలదు.

తిరిగి పైకి ఎక్కించేటప్పుడు కూడా మెలకువ కావాలి. పివట్ టేబుల్ కాకుండా పవర్ క్వెరీలోనే 'పివట్ కాలమ్' వాడితే, ఒకే గడిలోకి రెండు అంకెలు వస్తే ఏం చెయ్యాలని అది అడుగుతుంది. సంఖ్యలకు మామూలుగా కూడికను చూపుతుంది. ఒకే పిల్లవాడికి ఒకే పరీక్ష మార్కులు పొరపాటున రెండుసార్లు పడి ఉంటే ఆ కూడిక 17ను 34 చేసి, చప్పుడు చేయకుండా గడిలో కూర్చోబెడుతుంది. అందుకే 'డోంట్ అగ్రిగేట్' ఎంచుకోమంటాను. అప్పుడు జంట ఉన్న చోట ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్‌ను చూసి చిరాకుపడకండి, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తోందది. ఇంకో చిక్కు, ఒక పిల్లవాడికి ఒక వరుస రావలసిన చోట మెట్లు మెట్లుగా అనేక వరుసలు వచ్చి మధ్యలో ఖాళీలు మిగలడం. నమోదు తేదీ లాంటి అక్కరలేని కాలమ్ ఒకటి లోపల ఉండిపోతే ఇలా అవుతుంది. పివట్ తనకు చెప్పని ప్రతి కాలమ్‌నూ గుర్తింపు చిహ్నంగానే భావిస్తుంది. ఎక్కించే ముందు అనవసరమైన కాలమ్‌లను తీసేస్తే వరుసలు కలిసిపోతాయి.

చివరిగా ఒక మెట్టు గురించి చెప్పాలి. పట్టికను లోపలికి తేగానే 'చేంజ్‌డ్ టైప్' అన్న మెట్టును పవర్ క్వెరీ తనంతట తానే రాసేస్తుంది. అందులో 24 కాలమ్‌ల పేర్లూ ఉంటాయి. ఎవరైనా ఒక హెడింగులో అక్షరం మార్చినా ఆ కాలమ్ కనపడలేదంటూ క్వెరీ ఆగిపోతుంది. దించే ముందు ఆ మెట్టును తీసేసి, దించాక 'మార్కులు' అన్న ఒక్క కాలమ్‌కు సంఖ్య అని రకం చెప్పండి. అప్పుడు రిజిస్టరులో 6 సబ్జెక్టులకూ ఎస్‌ఏ1 కాలమ్‌లు చేరి 24 కాస్తా 30 అయినప్పుడు మీరు చెయ్యవలసింది ఖాళీలను -1తో నింపే మెట్టులోని పేర్ల జాబితాకు ఆ కొత్త పేర్లు చేర్చి, రిఫ్రెష్ నొక్కడమే. 960 వరుసలు 1,200 అవుతాయి, నివేదికలో ఎస్‌ఏ1 దానంతటదే వచ్చి నిలబడుతుంది. 'హాజరు' కాలమ్‌లో రానివారిని ఫిల్టరు చేసి చూడండి. కొత్తగా 6 వరుసలు కనిపించి, ఆరింటికీ రోల్ నంబరు ఒక్కటే అయితే, ఆ పిల్ల ఎస్‌ఏ1కు అసలు రానేలేదు. వెడల్పు రిజిస్టరులో ఆ 6 ఖాళీలు 30 కాలమ్‌ల మధ్య దూరదూరంగా, ఒక్కో సబ్జెక్టు చివర ఒక్కోటిగా ఉండేవి. ఇక్కడ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.